ఫోర్ తర్వాతి బంతి

మా అన్న షాపులో ప్రతి టెస్టు మ్యాచ్‌కూ రెండు టాసులు పడతాయి. ఒకటి టీవీలో, కోట్లు వేసుకున్న కెప్టెన్ల మధ్య. రెండోది షాపుకు రోజూ వచ్చే పెద్దాయన పౌలు సారు చేతిలో. మొదటి టాస్ ఎవరు గెలిచినా మా అన్న దేవేందర్‌కు పెద్ద పట్టింపు ఉండదు. రెండోదాని కోసం మాత్రం అరగంట ముందే తల దువ్వుకుని, పిల్లను చూడబోయే పెళ్లికొడుకులా తయారై కూర్చుంటాడు.

సూర్యాపేట కొత్త బస్టాండు పక్క సందులో అన్నది సెల్ షాపు. ముందు షాపు, వెనక రెండు గదుల్లో అన్న, వదిన సరిత, నేను. అమ్మానాన్నలు తుంగతుర్తి దిక్కు తండాలో ఉంటారు. నేను డిగ్రీ చదువుకోవడానికి వచ్చి అన్న దగ్గర ఉండిపోయాను. మామూలు రోజుల్లో పదింటికి గానీ లేవని షట్టర్, మనవాళ్లు ఆస్ట్రేలియాలో ఆడుతున్నారంటే కోడి కూయకముందే లేస్తుంది. టీ20 పిచ్చోళ్లకు ఆ షాపులో స్టూలు కూడా వెయ్యరు.

"ఐదు రోజుల ఆట సూసే ఓపిక లేనోడు సంసారం ఏం జేస్తడు?" అనేవాడు అన్న.

"ఐదు రోజులు టీవీ ముంగట కూసున్నోడు ఏం జేస్తున్నడో నాకు ఎర్క లేదా?" అని లోపలి నుంచి వదిన అనేది.

ఆ టాస్ సంగతేమిటంటే, మ్యాచ్ మొదలయ్యే ముందు జట్టు ఎంపిక మీద ఒక వాదన పెట్టుకుంటారు. ఫలానా ఓపెనర్‌ను ఉంచాలా తీసెయ్యాలా, ఫలానా స్పిన్నర్ ఈ పిచ్ మీద కావాలా వద్దా, ఇట్లాంటివి. పౌలు సారు రూపాయి బిళ్ల ఎగరేస్తారు. గెలిచినవాడు ఉంచాలని వాదించాలి, ఓడినవాడు తీసెయ్యాలని వాదించాలి. నీ మనసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. బిళ్ల ఎటు పడితే అటు ప్రాణం పెట్టి మాట్లాడాలి. ఆ మాటలను రికార్డు చేసి గ్రూపులో పెడతారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊర్లలో ఉన్న టెస్టు పిచ్చోళ్లంతా ఆ గ్రూపులోనే ఉంటారు. టీవీలో లంచ్ బ్రేక్ అయ్యేలోపు ఓట్లు పడాలి. ఓడినవాడు షాపులో ఉన్న అందరికీ మిర్చీబజ్జీలు తినిపించాలి.

ఆ గ్రూపులో నేను లేను. నన్ను చేర్చమని అడిగితే "ఆడపిల్ల ఉంటే మేం నోరు కట్టేసుకోవాలె" అన్నాడు అన్న. వాళ్లలో సగం మంది జీవితంలో లెదర్ బాల్ పట్టుకోలేదు. నేను వారానికి ఆరు రోజులు ఎడమచేత్తో స్పిన్ వేసేదాన్ని. అయినా జట్టును ఎంచేది వాళ్లే.

డిగ్రీలో చేరినప్పటి నుంచి నేను బౌలింగ్ వేస్తుంటే వెనక నిలబడి పట్టేది మా అన్నే. సాయంత్రం షాపు వదినకు అప్పజెప్పి కాలేజీ గ్రౌండుకు వచ్చేవాడు. వేళ్లు కమిలిపోయినా గ్లోవ్స్ కొనుక్కునేవాడు కాదు. గ్లోవ్స్ ఉంటే బాల్ తిరిగేది చేతికి తెలవదంటాడు. నాకు ఆట వచ్చిందంటే అది అన్న పుణ్యమే, ఈ మాట ఇవాళ కూడా అంటాను.

ఆ చలికాలం నాకు ఆఖరి అవకాశం. ఉమ్మడి జిల్లా అమ్మాయిల జట్టును ఎంపిక చేస్తున్నారు. అందులో చోటు దొరికితే హైదరాబాద్ క్యాంపు. దొరక్కపోతే బ్యాట్లు బాల్లు అటక మీద పెట్టి బీఎడ్ ఎంట్రెన్సుకు చదవాలి. మా నాయిన గేమ్యా ఆ మాట కోపంగా చెప్పలేదు. "ఈ చలికాలం దాక ఆడు బిడ్డా. గాలేదనుకో, ఇగ సదువు మీద పడు" అన్నాడు. అన్యాయమైన మాట కాదు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

మొదటి టెస్టుకు అన్నతో వాదనకు దిగింది యుగంధర్ సారు. కోదాడలో హైవే పక్కన ఆయనకు క్రికెట్ అకాడమీ ఉంది. జట్టును ఎంపిక చేసే కమిటీలో ఆయన కూడా ఒకరు. టెస్టు మొదలైన రోజున కోదాడ నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చి మరీ వాదించేవాడు. ఆ రోజు టాస్ గెలిచి, ఫామ్‌లో లేని ఓపెనర్‌ను ఉంచాల్సిందేనని చెప్పిన తీరుకు మూడు ఊర్లూ ఆయనకే ఓటేశాయి.

"మనిషి మీద నమ్మకం పెట్టాక, రెండు ఇన్నింగ్సులకే తీసేస్తే అది సెలెక్షన్ కాదు తమ్ముడూ, మోసం" అన్నాడు.

నేను టీ అందిస్తూ విన్నాను. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! ఆ రోజు సాయంత్రం ఆయన గ్రౌండుకు కూడా వచ్చి నా బౌలింగ్ చూశాడు.

"నీ ఎడమచెయ్యి బంగారం అమ్మాయ్. జట్టులో ఉండేది ఒక్క స్పిన్నర్, అది నువ్వే. నాదీ మాట" అన్నాడు.

అన్న ఆ మాటను ఫోన్లో మా నాయినకు చెప్పాడు. నాయిన తండా అంతా చెప్పుకున్నాడు. మా యాడి, అంటే మా అమ్మ మంగమ్మ, మాత్రం "జట్టులోకి తీసుకున్నంక చెప్పురి" అని ఊరుకుంది.

మొదటి టెస్టు అయిపోయిన వారానికి నేరేడుచర్లలో మాకు ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ పడింది. నేను బాగానే మొదలుపెట్టాను. కానీ ఒక ఫోర్ పడగానే తర్వాతి బంతి పొట్టిగా, బ్యాటుకు చాలా ముందే పడేలా వేశాను, అదీ ఫోరే పోయింది. అట్లా రెండుసార్లు అయింది. మ్యాచ్ గెలిచాం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

వచ్చేటప్పుడు అన్న బండి మెల్లగా నడుపుతున్నాడు. కోతల కాలం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగాలి, పోనిచ్చి కదలాలి. అట్లా ఒకచోట ఆగినప్పుడు నేనే నోరు విప్పాను.

"అన్నా, నీకో మాట చెప్త. నవ్వద్దు."

"చెప్పే."

"ఫోర్ పడ్డంక నాకు భయమైతది. బాల్‌ను గట్టిగ పిసికి పట్టుకుంట. ఏళ్లు వదలవు. ఎంత అనుకున్నా తర్వాతి బాల్ పొట్టిగనే పడ్తది."

అన్న నవ్వలేదు. ఇంజను ఆపి స్టాండు వేశాడు. "ఎన్నాళ్ల సంది?" అని అడిగాడు.

"మొదటి సంది. నువ్వు ఎనక ఉండి పడ్తుంటె రాదు. మ్యాచ్‌లనే వస్తది."

"ఎవరికన్నా చెప్పినవా?"

"నీకే చెప్తున్న. ఎవరికీ చెప్పకన్నా. యుగంధర్ సార్‌కు అసలే చెప్పకు."

"నేనెందుకు చెప్త, పిచ్చిదాన" అని నా నెత్తి మీద ఒకటి వేశాడు. "ట్రయల్స్ లోపల సెట్ జేద్దాం. నేనున్న గదా."

ఆ మాటతో నా గుండెల మీది బరువు దిగిపోయింది. ఇంటికొచ్చే దాకా వెనక కూర్చుని పాటలు పాడాను. వదినకు మా ఇద్దరి మొహాలు చూసి అనుమానం వచ్చి "ఏందో అన్నాచెల్లెండ్లు గుసగుస పెడ్తున్నరు" అంది కూడా.

రెండో టెస్టులో కూడా అన్న వాదనలో ఓడిపోయాడు. వరసగా రెండోసారి యుగంధర్ సారుకు మిర్చీలు తినిపించాల్సి వచ్చింది. గ్రూపులో మిర్యాలగూడ వాళ్లు అన్నకు "మిర్చి దేవేందర్" అని పేరు పెట్టారట. అన్న పైకి నవ్వాడు గానీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. టీవీలో ఓడింది మనదేశం, అన్న ఏడుపు మాత్రం మిర్చీల గురించి.

మూడో టెస్టు మొదలైన రోజున నేను షాపులో లేను. మరుసటి రోజే మిర్యాలగూడలో ట్రయల్ మ్యాచ్ కాబట్టి పొద్దున్నే గ్రౌండుకు పోయి ఒక్కదాన్నే బౌలింగ్ వేసుకుంటున్నాను. మధ్యాహ్నం వచ్చేసరికి ఇల్లంతా మిర్చీల వాసన. అన్న మొహం వెలిగిపోతోంది.

"గెలిచిన చెల్లె! మూడు ఊర్లూ నాకే ఓటేసినయ్. యుగంధరన్ననే మిర్చీలు తినిపిచ్చిండు."

"ఏం వాదించినవ్?"

"స్పిన్నర్‌ను తీసెయ్యాలని. టాస్ గట్ల పడ్డది మరి" అన్నాడు.

"అయ్యో, స్పిన్నర్ల పొట్ట మీద కొట్టినవా!" అని నవ్వి, ప్లేటులోంచి రెండు మిర్చీలు తిన్నాను. ఉల్లిపాయలు వేసి, నిమ్మకాయ పిండి ఇచ్చింది అన్నే. ఎంత రుచిగా ఉన్నాయో ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మరునాడు పొద్దున్నే అన్న బండి మీద మిర్యాలగూడ పోయాం. ఊరి దగ్గరికి రాగానే ఉప్పుడు వడ్ల వాసన. మిల్లుల నుంచి ఊక బూడిద లేచి నా తెల్ల టీషర్టు మీద పడుతుంటే అన్న దులుపుతూనే ఉన్నాడు. ఒక జట్టు కోదాడ అకాడమీ అమ్మాయిలు, రెండో జట్టు సూర్యాపేట, మిర్యాలగూడ అమ్మాయిలం. స్పిన్నర్ చోటు ఒక్కటే. పోటీలో నేను, అకాడమీ అమ్మాయి కరుణ.

నా మొదటి ఓవర్లో ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. టెంటు కింద కుర్చీల్లో కమిటీ వాళ్లు ఏదో రాసుకుంటున్నారు. రెండో ఓవర్లో ప్రవళిక అనే అమ్మాయి ముందుకొచ్చి కవర్స్ మీద నుంచి ఫోర్ కొట్టింది. మంచి బంతే, మంచి షాట్ కూడా. నేను వెనక్కి పోయి బాల్ పట్టుకున్నాను. వేళ్లు బిగుసుకున్నాయి. పరుగు మొదలుపెట్టాను. బాల్ ఇంకా నా చేతిలోనే ఉంది, పొట్టి బంతి కోసమే అన్నట్టు ప్రవళిక వెనక కాలు అప్పటికే స్టంపుల దగ్గరికి పోయింది.

పొట్టిగా పడింది. మిడ్‌వికెట్ మీదికి లాగి కొట్టింది. ఫోర్.

అదృష్టం అనుకున్నాను. తర్వాతి ఓవర్లో ఇంకో అమ్మాయి ఫోర్ కొట్టి, అట్లాగే ముందే వెనక్కి జరిగి నిలబడింది. మూడో అమ్మాయి కూడా అంతే. ఫోర్ పడిన ప్రతిసారీ నాన్‌స్ట్రైకర్ ఇటు నుంచి చిన్నగా తల ఊపుతోంది. వాళ్లెవరూ అంతకుముందు నా బౌలింగ్ ఆడలేదు. చూసి పట్టుకునే అవకాశమే లేదు. వాళ్లకు తెలుసు, అంతే.

నేను బౌండరీ వైపు చూశాను. అన్న తాడు దగ్గర నిలబడి పల్లీలు తింటూ "ఏం గాదు చెల్లె, టైట్‌గ వెయ్" అని అరుస్తున్నాడు. ఆ క్షణంలో నాకు ఏడుపు కూడా రాలేదు. ఈ భూమ్మీద ఒక్క మనిషికే చెప్పాను కదా అని, ఆ ఒక్క మాటే మెదులుతోంది. ఎట్లా నా ఓవర్లు పూర్తి చేశానో తెలియదు.

మ్యాచ్ అయ్యాక నీళ్ల డ్రమ్ము దగ్గర ప్రవళికే వచ్చి పలకరించింది. మంచి పిల్ల. కడుపులో ఏమీ దాచుకోదు.

"అక్కా, ఏమనుకోకు. నీ మొదటి ఓవర్ మాకు అస్సలు అర్థం కాలేదు" అంది.

"ఫోర్ కొట్టినంక ఎనక్కి పోవాలని ఎవరు చెప్పిండ్రు?"

"మా సారే. నిన్న సాయంత్రం నెట్స్‌లో అందరికీ మీ అన్నయ్య వాయిస్ వినిపించి, ఫోన్లకీ పంపారుగా. నీకు తెలియదా?" అని తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

అది మా అన్న గొంతే. గెలవాలన్నప్పుడు ఎట్లా పైకి లేస్తుందో అట్లాగే లేచింది. "గా స్పిన్నర్ సంగతి మీకు ఎర్క లేదు, నాకు ఎర్క. ఫోర్ పడ్డదా, వాని పని ఖతం. భయానికి బాల్‌ను పిసికి పట్టుకుంటడు. ఏళ్లు వదలవు. తర్వాతి బాల్ పొట్టిగ పడాల్సిందే, రాసిస్త. భయపడేటోన్ని జట్టుల పెట్టుకుని ఏం జేస్తరు? ఎంత మంచిగ తిప్పితే ఏం లాభం? తీసెయ్యాలె!"

వెనక నుంచి పౌలు సారు అడుగుతున్నారు. "గిది యాడ సూసినవ్ దేవేందర్? మాకైతె టీవీల కనవడలే."

అన్న నవ్వాడు. "యాడ సూసుడేంది సార్? దినాం మా గ్రౌండ్లనే సూస్త గదా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో యుగంధర్ సారు నవ్వు కూడా ఉంది.

ఫోన్ తిరిగిచ్చి, థాంక్స్ అన్నాను. ఆ పిల్లకు ఏం చేసిందో కూడా తెలియదు. "నువ్వు సెలెక్ట్ అవుతావులే అక్కా" అని చెప్పి పోయింది.

సాయంత్రం మేం సూర్యాపేట చేరేసరికే పేర్లు వచ్చేశాయి. స్పిన్నర్ కరుణ. అన్న షాపు ముందు బండి మీదే కూర్చుని కమిటీని, కోదాడను, పిచ్‌ను, ఆఖరికి ఊక బూడిదను కూడా తిట్టాడు. నేను లోపలికి పోయి బూట్లు విప్పి, అన్న లోపలికి రాగానే వదిన ముందే అడిగాను.

"నేను నేరేడుచర్ల తొవ్వల చెప్పిన మాట గ్రూపుల ఎందుకు పెట్టినవన్నా?"

అన్నకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొహం పాలిపోయింది.

"నేను గా టీవీల స్పిన్నర్ గురించి చెప్పిన. నీ పేరు తియ్యలే. దేవుని మీద ఒట్టు."

"నా పేరు తియ్యకుంటె ఏమాయె? నా చెయ్యి తీసినవ్ గదా."

"టాస్ గట్ల పడ్డది చెల్లె! తీసెయ్యాలని వాదించాల్నంటే ఏదో ఒకటి చెప్పాలె. రెండుసార్ల సంది ఓడిపోతున్న. నోటికి గదే వచ్చింది. గది గింత దూరం పోతదని నాకేం ఎర్క?"

వదిన ఉల్లిగడ్డలు కోస్తూ కత్తి పక్కన పెట్టింది. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊకెనే అన్నరా?" అంది.

"నువ్వు ఊకో!" అని ఆమె మీద అరిచి, యుగంధర్ సారుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నాకు వినిపించడానికే పెట్టాడు. తప్పు తనది కాదని తేల్చుకోవాలి కదా.

"అన్నా, గది వాదన అన్నా. టాస్ మీద చెప్పిన మాట. నీకెర్కే గదా. దాన్ని తీస్కపోయి మా పిల్ల మీదికి వాడ్తవా?"

"తమ్ముడూ, ఆవేశపడకు" అంది అవతలి గొంతు, మెత్తగా. "నువ్వు చెప్పేటప్పుడే నాకు అర్థమైంది, ఎవరి గురించి చెప్తున్నావో. నేను నిన్ను అడిగానా? మూడు ఊళ్ల గ్రూపులో నువ్వే పెట్టావు. నేను కోచ్‌ని. నా పిల్లలకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి? అయినా నీ చెల్లెలు ఫోర్ తర్వాత షార్ట్ వేసిన మాట అబద్ధమా?"

"ఆమెనే స్పిన్నర్ అని మాటిచ్చినవ్ గదన్నా."

"ఇచ్చాను. నిన్నటి దాకా అలాగే అనుకున్నా. ఇవాళ తనే నిలబెట్టుకోలేకపోయింది."

ఫోన్ పెట్టేశాక అన్న గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. మోసం చేశాడు, అన్నం పెట్టిన చేతినే నరికాడు అని ఏడ్చాడు. నిజమే, యుగంధర్ సారు చేసింది మోసమే. కానీ ఏడవాల్సిన మనిషిని నేను. నేను నిలబడి చూస్తున్నాను, వాడు ఏడుస్తున్నాడు. చివరికి నేనే నీళ్ల గ్లాసు ఇవ్వాల్సి వచ్చింది. ఆ గ్లాసు ఇస్తున్నప్పుడు నాకు వచ్చినంత కోపం జన్మలో ఎన్నడూ రాలేదు.

అన్న గ్రూపులోంచి బయటికొచ్చేశాడు. "ఇగ క్రికెట్ ఖతం" అని టీవీకి దుప్పటి కప్పాడు. నాయిన తండా నుంచి వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా బీఎడ్ పుస్తకాలు కొనిచ్చిపోయాడు. పౌలు సారు కూడా ఒక సాయంత్రం వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నేను సుత ఓటేసిన బిడ్డా. భయపడేటోన్ని తీసెయ్యాలన్న మాటకే ఓటేసిన. గది నీ గురించని నాకు తెల్వది" అన్నారు.

"తెలిస్తే వెయ్యకపోదురా సార్?" అని అడిగాను.

ఆయన నిజాయితీగా "చెప్పలేను బిడ్డా" అన్నారు. ఆ సీజన్‌లో నాకు దొరికిన నిజమైన మాట అదొక్కటే. అందుకే ఆయన మీద నాకు కోపం లేదు.

నాలుగో టెస్టు మొదలైన రోజున షట్టర్ చప్పుడుకు మెలకువ వచ్చింది. కలేమో అనుకున్నాను. కాదు. దుప్పటి తీసిన టీవీ, స్టూళ్లు లాగుతున్న చప్పుడు. కాసేపటికి ఫోన్ స్పీకర్లోంచి యుగంధర్ సారు గొంతు, దానికి మా అన్న నవ్వు. గ్రూపులో మళ్లీ చేరాడు. ఆయన లేకుండా వాదన సప్పగా ఉందని ఎవరికో చెబుతున్నాడు.

"మనిషి ఎట్లాంటోడైనా ఆట మీద మాట్లాడితే వినబుద్ధైతది" అంటున్నాడు.

గోడకు ఇవతల పడుకుని విన్నాను. చెప్పొద్దన్న మాట చెప్పిన రోజున నొప్పి కలిగింది నిజమే. కానీ పొరపాటు అనుకుని సర్దుకునే దారి ఒకటి మిగిలి ఉండేది. ఆ పొద్దున ఆ దారి కూడా మూసుకుపోయింది. నన్ను తీసేయించిన గొంతు మా ఇంట్లోనే నవ్వుతోంది, దాంతో కలిసి మా అన్న కూడా నవ్వుతున్నాడు. బయటివాడు ముంచితే తిట్టుకోవచ్చు, సొంత అన్నను ఏమని తిట్టాలి?

సాయంత్రం అన్న ఎప్పటిలాగే "గ్రౌండుకు పోదామా?" అన్నాడు. చదువుకోవాలన్నాను. పాపం, నమ్మి మళ్లీ అడగలేదు.

అన్న షాపులో ఉండే వేళ చూసుకుని నేను వదినను తీసుకుపోయాను. వదినకు క్రికెట్ అంటే ఒళ్లు మంట. స్టంపుల వెనక ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని నిలబడి, బాల్ అందులో పడితే పట్టినట్టు, లేకపోతే "పోతే పోనీ" అన్నట్టు ఉండేది.

"వదినా, నేను వెయ్యంగనే 'ఫోర్' అని ఒర్రు. గట్టిగ. తిట్టు సుత."

"తిట్టుడు నాకు నేర్పాల్నా?" అని మొదలుపెట్టింది. "ఫోర్! పాయె! పాయె నీ బతుకు! పో, పోయి బర్లు కాసుకో!" ఆ గొంతుకు చెట్టు మీది కొంగలు లేచిపోయేవి. మొదటి రెండు రోజులు నిజంగానే వేళ్లు బిగుసుకున్నాయి. మూడో రోజు నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఎవరూ దేన్నీ గట్టిగా పట్టుకోలేరని ఆ రోజే తెలిసింది. బాల్ చేతిలో వదులుగా నిలిచి, నేను అనుకున్నచోటనే పడింది. తర్వాత దానికి నాదైన ఒక పట్టు కుదుర్చుకున్నాను. చేతి ఊపు మాత్రం మార్చలేదు. చూసేవాడికి పొట్టి బంతి వస్తున్నట్టే ఉంటుంది.

"మీ అన్నకు చెప్పాల్నా?" అని అడిగింది వదిన ఇంటికొస్తూ.

"వద్దు" అన్నాను. ఆమె తల ఊపి, ఇంక ఆ సంగతి ఎత్తలేదు.

ఐదో టెస్టు జరుగుతున్నప్పుడే, హైదరాబాద్ పోయే ముందు జిల్లా జట్టుకు కోదాడలో ఒక ప్రాక్టీసు మ్యాచ్ పెట్టారు. ఎదురుజట్టుకు ఆడేవాళ్లు కావాలి కదా, ఎంపిక కాని మమ్మల్ని పిలిచారు. నాయినకు ఫోన్ చేస్తే "ఆఖరుసారి పోయి రా" అన్నాడు. అన్న షాపు మూసి మరీ బండి తీశాడు. వద్దనడానికి నాకు మనసు రాలేదు.

యుగంధర్ సారు నన్ను చూసి నవ్వి "బాగున్నావా అమ్మాయ్?" అన్నాడు. బాగున్నానన్నాను.

ప్రవళిక నా బంతిని అప్పటిలాగే కవర్స్ మీద నుంచి ఫోర్ కొట్టింది. అంపైర్ చెయ్యి ఊపుతున్నాడు. తాడు దగ్గర అన్న తల పట్టుకున్నాడు. యుగంధర్ సారు కుర్చీలో వెనక్కి వాలి, పక్కవాడితో ఏదో చెప్పి నవ్వాడు. నేను వెనక్కి నడిచాను. చెవుల్లో వదిన గొంతు, పాయె నీ బతుకు అని. పెదాలు బిగబట్టుకుని పరుగు మొదలుపెట్టాను. ప్రవళిక వెనక కాలు స్టంపుల దగ్గరికి పోయింది. బంతి పొట్టిగా రాలేదు. ఆమె కాళ్ల ముందు పడి, తిరిగి, బ్యాటు కిందకు దిగేలోపు ఆఫ్ స్టంపును పడగొట్టింది.

తర్వాత వచ్చిన అమ్మాయి కూడా అట్లాగే అవుటైంది. మూడో అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. యుగంధర్ సారు కుర్చీలోంచి లేచి తాడు దగ్గరికి వచ్చి నిలబడి చూశాడు. కానీ జట్టు అప్పటికే అయిపోయింది. కిట్ బ్యాగుల మీద పేర్లు కూడా కుట్టేశారు. మార్చరు, నాకు తెలుసు. పౌలు సారు వేసిన ఓటులాగే, అదీ వెనక్కి రాదు.

మ్యాచ్ అవ్వగానే అన్న పరుగెత్తుకొచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అవి నిజమైన నీళ్లే. మా అన్నకు నేనంటే ప్రాణం, అందులో నాకు ఎన్నడూ అనుమానం లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నవే? నాకు చెప్పనే లేదు! మొత్తం చేతి ఊపు అదే, బాల్ మాత్రం వేరే. యుగంధరన్న మొహం సూడాల్సిందే! అరే, ఎట్ల?"

అని అడుగుతూనే జేబులోంచి ఫోన్ తీశాడు. గ్రూపు తెరిచి, రికార్డు గుర్తు మీద బొటనవేలు ఆనించి నా మొహం దగ్గర పెట్టాడు.

"చెప్పు చెల్లె, మూడు ఊర్లూ వినాలె. నీ నోటితోనే చెప్పు. బాల్‌ను ఎట్ల పట్టుకున్నవ్?"

నేను ఆ ఫోన్ వైపు చూశాను. తర్వాత అన్న మొహం చూశాను. ఏమీ తెలియని మొహం.

"గుర్తు లేదన్నా" అన్నాను.

అన్న నమ్మాడు.